లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో కొత్త పుస్తకాలు ఎక్కించే ముందు

కాలేజీలు తెరిచే రోజులు. పుస్తకాల కట్టలు దిగుతాయి, ఎంట్రీ త్వరగా కానివ్వమని పైనుంచి టెన్షన్. మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

– మార్క్ ఫైల్‌ను (MARC ఫార్మాట్‌లో పుస్తకాల వివరాలుండే ఫైల్) ఒకేసారి ఎక్కిస్తుంటే, స్టేజ్ చేసేటప్పుడే, అంటే అసలు ఎక్కించే ముందు మెట్టులోనే, ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) మ్యాచింగ్ రూల్ ఎంచుకోండి. మరిచిపోతే ఉన్న పుస్తకాలకే రెండో రికార్డు పుడుతుంది. తర్వాత జంటలు వెతికి మెర్జ్ చేస్తూ కూర్చోవాలి. నేను కూర్చున్నాను, అందుకే చెబుతున్నా. ముందు పది రికార్డులతో ట్రై చేయండి.

– ఎక్సెల్‌లో బార్‌కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే టైప్ చేయండి. లేదంటే 00412 కాస్తా 412 అవుతుంది, స్కానర్‌కు దొరకదు.

– తెలుగు పేర్లు యూనికోడ్‌లోనే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టింది అతికిస్తే పిచ్చి గీతలే.

– రచయిత పేరుకు అథారిటీ రికార్డు (పేరును ఒకే రూపంలో ఉంచే రికార్డు) ఒక్కటే ఉండాలి. శ్రీశ్రీ ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు ఇంకోచోట ఉంటే పాఠకుడికి సగం పుస్తకాలే కనిపిస్తాయి.

– రెండో కాపీకి కొత్త రికార్డు వద్దు, పాతదానికే ఐటమ్ (ఆ కాపీ వివరాలు) కలపండి.

– ఇంగ్లిష్ పేరు 'ది' (The)తో మొదలైతే మార్క్‌లో పుస్తకం పేరుండే 245 ఫీల్డ్‌లో రెండో ఇండికేటర్ (వరుస పెట్టేటప్పుడు మొదట ఎన్ని అక్షరాలు వదలాలో చెప్పే అంకె) 4; The, తర్వాతి ఖాళీ కలిపి నాలుగు. ఇది చాలామంది వదిలేస్తారు; అక్షర క్రమమంతా చెడుతుంది.