ఛార్జర్‌కి తెలివి ఉంది, కళ్లు లేవు

మా ఇంట్లో పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ ఒకటి ఉండేది. ఇనప పెట్టె. ఎత్తితే భుజం లాగేది, ఆన్ చేస్తే తుమ్మెదలా రొద పెట్టేది. నాన్న దాన్ని కారు బ్యాటరీకి తగిలించిన రోజున ఎక్కడికీ వెళ్లేవారు కాదు. గంటకోసారి షెడ్డులోకి వెళ్లి మీటరు ముల్లు ఎక్కడుందో చూసి, బ్యాటరీని చేత్తో తడిమి, వేడెక్కలేదని నమ్మకం కుదిరాకే ఇవతలికి వచ్చేవారు. అదంతా చాదస్తం అనుకుని నేనొకసారి రాత్రి తగిలించి పడుకున్నాను. తెల్లారి షెడ్డు తలుపు తీస్తే కుళ్లిన గుడ్ల కంపు, పొట్ట ఉబ్బిన బ్యాటరీ, మూతల చుట్టూ యాసిడ్ తడి.

తర్వాత స్మార్ట్ ఛార్జర్ కొన్నాను. అరచేతిలో పట్టే డబ్బా, నాలుగు లైట్లు, ఒక బటన్. ఇక కాపలా పని తప్పిందని సంబరపడ్డాను. రెండో నెలలోనే ఆ డబ్బా నాతో బాగున్న స్కూటర్ బ్యాటరీని అవతల పారేయించబోయింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి 5 వోల్టుల చిల్లరకి వచ్చింది. ఛార్జర్ ఆ అంకె చూసి, ఇది 6 వోల్టుల బ్యాటరీ కాబోలని తీర్మానించుకుని, ఆ లెక్కనే నింపి ఆకుపచ్చ లైటు వెలిగించింది. ఛార్జింగ్ నిండినా సెల్ఫ్ తిరగట్లేదంటే బ్యాటరీ పోయినట్టేనని నేను పక్కన పెట్టేశాను. ఎందుకో అనుమానం వచ్చి మల్టీమీటర్ పెట్టి చూస్తే 6 వోల్టుల పైన ఏదో చూపించింది. మోడ్ బటన్ నొక్కి 12కి మార్చి మళ్లీ పెడితే మర్నాటికి సెల్ఫ్ అందుకుంది. ఆ బ్యాటరీ ఇంకో ఏడాదిన్నర నడిచింది.

ఛార్జర్‌కి తెలిసేవి రెండే సంగతులు: క్లిప్పుల మధ్య వోల్టేజీ ఎంత, తీగలో పోయే కరెంటు ఎంత. అవతల ఉన్నది ఏ రకం బ్యాటరీ, ఎంత పెద్దది, ఎంత ముసలిది, గదిలో గాలి ఆడుతోందా అన్నవి దానికి కనబడవు. ఆ చూసే పని మనదే. అందుకని ఛార్జర్ కొనాలనుకున్నవాళ్లు ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ మీది లేబుల్ చదవాలి.

అసలు ఇది చేసే పనేమిటి

బిందె పట్టేటప్పుడు మొదట పంపు పూర్తిగా తిప్పుతాం, నీళ్లు మెడ దాకా వచ్చాక సన్నగా చేస్తాం. స్మార్ట్ ఛార్జర్ చేసేదీ అదే. ముందు తన శక్తి కొద్దీ స్థిరంగా కరెంటు పంపిస్తుంది. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే వోల్టేజీ 14.4 దాకా ఎక్కుతుంది. అక్కడ వోల్టేజీని కదలనివ్వకుండా పట్టుకుంటే, బ్యాటరీ తీసుకునే కరెంటు దానంతటదే తగ్గుతూ వస్తుంది. అది బాగా సన్నగిల్లాక ఛార్జర్ 13.5 దరిదాపులకి దిగి, బ్యాటరీ తనంతట తాను కోల్పోయే కాస్తా భర్తీ చేస్తూ ఉంటుంది. దీన్నే ఫ్లోట్ అంటారు.

మా పాత ఇనప పెట్టెకి ఆ చివరి రెండు మెట్లూ లేవు. నిండిన బ్యాటరీలోకి కరెంటు తోస్తూనే ఉండేది. ఆ కరెంటు పోయి లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నీరు తగ్గుతుంది, ప్లేట్లు తినేసుకుపోతాయి, బ్యాటరీ కాగుతుంది. నాన్న గంటకోసారి వెళ్లి చేసింది ఆ లేని మెట్ల పనేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

బండి నడిస్తే ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే నింపుతుంది కదా అంటారు. నింపుతుంది, దూరం వెళ్తే. రోజూ పది నిమిషాలు తిరిగి ఆపేసే బండిలో, స్టార్ట్ చేయడానికి పోయినదీ లైట్లకీ ఏసీకీ పోయినదీ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఆపి ఉంచిన బండి కూడా ఊరికే ఉండదు. తాళం రిసీవర్, అలారం, కంప్యూటర్ అన్నీ కలిసి 30 మిల్లీఆంప్స్ తాగుతున్నాయనుకోండి: రోజుకి 0.72 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపు కరెంటు గంటసేపు పోతే అయ్యే ఖర్చు), నెలకి 21 దాటుతుంది. 45 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు సగం. సగం దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి కూర్చుంటుంది. చాలా బ్యాటరీలు చచ్చేది ఇలా ఆకలితోనే. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. వాటిలోనూ చాలావరకు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పడుకుంటే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేలుకోదు.

కొనేముందు

లేబుల్ మీద మొదట చూడాల్సింది రకం. మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసేది మామూలు లెడ్ యాసిడ్. వీఆర్‌ఎల్‌ఏ అని రాసి, మూత తెరవకూడదనే టూవీలర్ బ్యాటరీలు చాలావరకు ఏజీఎం రకం, అంటే యాసిడ్‌ని గాజు పీచులో పీల్చి ఉంచినవి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో ఏజీఎం గానీ, మామూలు లెడ్ యాసిడ్‌కే గట్టి రూపమైన ఈఎఫ్‌బీ గానీ ఉంటుంది. యాసిడ్ జిగురుముద్దలా ఉండే జెల్ రకానికి ఎక్కువ వోల్టేజీ పనికిరాదు, లోపల బుడగలు పుడితే ఆ ఖాళీలు మళ్లీ పూడవు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పూర్తిగా వేరే జాతి. దానికి ప్రత్యేకంగా లిథియం మోడ్ ఉన్న ఛార్జరే కావాలి. లెడ్ యాసిడ్ ఛార్జర్ పనిచేసినట్టే కనిపిస్తుంది గానీ, పాత బ్యాటరీని బాగుచేయడానికి అది పంపే రిపేర్ పల్సులు లిథియానికి కీడు. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు లిథియాన్ని అసలు ఛార్జ్ చేయకూడదు.

రెండోది ఏహెచ్ అంకె. అందులో పదో వంతు ఆంప్స్ అనేది మెకానిక్కుల పాత లెక్క, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. 45 ఏహెచ్ కారు బ్యాటరీకి 4 లేదా 5 ఆంప్స్, 5 ఏహెచ్ స్కూటర్ బ్యాటరీకి అర ఆంపు నుంచి ఒక ఆంపు. పెద్దది కొంటే తొందరగా నిండుతుందనే ఆశ నాకూ ఉండేది. మొదటి మెట్టు తొందరగా ముగుస్తుంది నిజమే, కానీ చివరి భాగం బ్యాటరీ తన తీరిక కొద్దీ తీసుకుంటుంది. అక్కడ మన హడావిడి చెల్లదు. ఇంట్లో కారూ స్కూటరూ రెండూ ఉంటే ఆంప్స్ తగ్గించుకునే వీలున్న ఛార్జర్ చూసుకోండి, ఒక్కటి సరిపోతుంది.

ఇక ప్యాకింగ్ మీద పెద్దక్షరాల్లో ఉండని సంగతులు. నేను మాన్యువల్‌లో ముందు వెతికేది ఒకటుంది: కరెంటు పోయి వస్తే పాత మోడ్‌లోనే మళ్లీ మొదలవుతుందా, లేక ఎవరైనా వచ్చి బటన్ నొక్కేదాకా ఊరుకుంటుందా? నెలల తరబడి తగిలించి ఉంచేవాళ్లకి ఇదే ముఖ్యం. రెండోది, ఎంత కింది వోల్టేజీ నుంచి పని మొదలుపెడుతుంది. చాలా ఛార్జర్లు మరీ దిగిపోయిన బ్యాటరీని తగిలిస్తే అవతల ఏమీ లేదన్నట్టే ఉంటాయి. కొన్నింటిలో దీనికోసం ఫోర్స్ మోడ్ ఇస్తారు. మూడోది ఉష్ణోగ్రత సవరణ. వేడి బ్యాటరీకి తక్కువ వోల్టేజీ చాలు. 25 డిగ్రీల దగ్గర 14.4 కావలసినది, 40 డిగ్రీల దగ్గర సుమారు 14తోనే నిండుతుంది. రేకుల షెడ్డులో బండి పెట్టేవాళ్లకి ఇది పనికొచ్చే లెక్క. ప్లస్ మైనస్ తారుమారైతే కాపాడే రక్షణ ఇప్పుడు దాదాపు అన్నింట్లో ఉంటోంది, అయినా ఉందో లేదో చూడండి. ఆరుబయట వాడేటట్టయితే దుమ్మూ నీళ్లూ లోపలికి పోనివ్వదని చెప్పే ఐపీ 65 లాంటి రేటింగ్ ఉండాలి. అది కూడా డబ్బాకే, ప్లగ్గుకి కాదు.

ఫోన్ యాప్, రంగుల డిస్‌ప్లే నా దృష్టిలో అలంకారం. ఆ సొమ్ముతో ఒక మల్టీమీటర్ కొనుక్కోవడం నయం.

రిపేర్ మోడ్ గురించి ఒక మాట. సల్ఫేట్ పలచగా పట్టిన బ్యాటరీ దీనితో కొంత కోలుకుంటుంది. ఏళ్ల తరబడి పడి ఉన్నదానికి ప్రాణం పోస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. కొన్ని ఛార్జర్లు ఈ మోడ్‌లో 15 వోల్టులు దాటిస్తాయి. కాబట్టి బ్యాటరీ తీగలు విప్పి, బండి ఎలక్ట్రానిక్స్‌కి సంబంధం లేకుండా చేసుకున్నాకే వాడాలి. జెల్‌కీ లిథియానికీ వద్దు.

తగిలించేటప్పుడు

ముందు మీటరు పెట్టండి. బండి ఆపి కొన్ని గంటలైన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12కి వచ్చిందంటే పావే మిగిలినట్టు. ఏజీఎంకి ఈ అంకెలు కాస్త ఎక్కువగా ఉంటాయి, లిథియానికి అసలు వర్తించవు. పగిలిన పెట్టె, ఉబ్బిన పొట్ట, గడ్డకట్టిన యాసిడ్ కనిపిస్తే ఛార్జర్ జోలికే వెళ్లొద్దు.

ఉంగరం, గడియారం తీసేయండి, కళ్లని కాపాడే రక్షణ అద్దాలు పెట్టుకోండి. గాలి ఆడాలి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. క్లిప్పులు పెట్టే వరసలో ఉన్న రహస్యమంతా ఈ రవ్వదే. ఛార్జర్ ప్లగ్ ఇంకా పెట్టకుండా, ఎర్ర క్లిప్పు ప్లస్ టెర్మినల్‌కి, తర్వాత నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజిన్ మీదో చాసిస్ మీదో రంగు లేని ఇనుముకి. ఆఖరున స్విచ్. తీసేటప్పుడు తలకిందులు: ముందు స్విచ్, తర్వాత నలుపు, చివర ఎరుపు. రవ్వ ఎగిరినా అది గ్యాసు పుట్టేచోట ఎగరకూడదు.

నల్ల క్లిప్పు చాసిస్‌కి పెట్టమనడానికి కొన్ని కొత్త కార్లలో ఇంకో కారణం కూడా ఉంది. మైనస్ టెర్మినల్ దగ్గర చిన్న సెన్సర్ కూర్చుని, బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క రాస్తూ ఉంటుంది. నేరుగా టెర్మినల్‌కి పెడితే మీరు నింపింది ఆ లెక్కలోకి ఎక్కదు. నిండు బ్యాటరీ ఉన్నా కారు ఖాళీ అనుకుని ఇంజిన్ ఆపే సౌకర్యాన్ని పక్కన పెట్టేస్తుంది. బ్యాటరీ డిక్కీలో ఉన్న కార్లకి బానెట్ కింద విడిగా ఛార్జింగ్ పాయింట్లు ఇస్తారు, మాన్యువల్ చూడండి.

బ్యాటరీ బయటికి తీసేటట్టయితే ముందు మైనస్ విప్పండి. ప్లస్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే మెరుపే. నేను చూశాను, స్పానర్ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మోడ్ మీరే ఎంచుకోండి, డబ్బా ఊహకి వదలొద్దు. స్కూటర్ కథ విన్నారుగా. ట్రక్కుల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 చేస్తారు, వాటిని విడదీసి ఒక్కొక్కటీ నింపితే రెండూ సమానంగా నిండుతాయి.

ఎంతసేపు పడుతుందంటే, సగం దిగిన 45 ఏహెచ్ బ్యాటరీకి 22 ఏహెచ్ పైన కావాలి. 4 ఆంప్స్‌తో ఆరు గంటలు, ఆపైన చివరి మెట్టుకి ఇంకో రెండు మూడు. అంటే ఒక రాత్రి. మొదటి గంటలో ఒకసారి వెళ్లి చేత్తో తడమండి. గోరువెచ్చన అయితే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి, గుడ్ల కంపు ఉంటే స్విచ్ ఆపి, తలుపులు తీసి, చల్లారేదాకా దూరంగా ఉండండి. డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు నిండా పోస్తే పొంగి బయటికొస్తుంది. ప్లేట్లు తేలి కనిపిస్తుంటే మాత్రం ముందే అవి మునిగేంత పోయండి.

ఆకుపచ్చ లైటు రాగానే నమ్మకండి. కొత్తగా నిండిన బ్యాటరీ మీద కాసేపటికి దిగిపోయే పైపై వోల్టేజీ ఉంటుంది. రాత్రంతా వదిలి పొద్దున మీటరు పెట్టండి. మళ్లీ మళ్లీ ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే బ్యాటరీ లోపలి ఆరు గదుల్లో (సెల్స్) ఒకటి పోయింది, దానికి ఏ ఛార్జరూ మందు కాదు.

వారాల తరబడి కదలని బండికైతే క్లిప్పుల బదులు ఫ్యూజ్ ఉన్న రింగ్ టెర్మినల్ వైరు బ్యాటరీకి శాశ్వతంగా బిగించేసుకోండి. ప్లగ్ కలిపితే సరి. లిథియం బ్యాటరీని అలా నెలలపాటు తగిలించి ఉంచాల్సిన పనిలేదు, దానికి సొంతంగా దిగిపోయే అలవాటు చాలా తక్కువ.

మా కారు బ్యాటరీ పక్కన ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. ఛార్జ్ చేసిన తేదీ, మర్నాడు పొద్దున మీటరు చూపిన అంకె దాని మీద రాస్తాను. పైనుంచి 12.71, 12.68, 12.66, 12.58 అని ఉన్నాయి. పోయిన నెల 12.43. ఛార్జర్ మాత్రం అన్నిసార్లూ ఆకుపచ్చ లైటే వెలిగించింది. కొత్త బ్యాటరీకి లేబుల్ మీది నంబర్ రాసిపెట్టుకున్నాను.