మన్‌స్టర్ రగ్బీ జట్టు పాత ఫలితాలను పట్టిక వేసుకుని చదవడం ఎలా?

చదువుకో ఉద్యోగానికో కార్క్, లిమెరిక్ వైపు వెళ్లిన మనవాళ్లకు సోమవారం పొద్దున ఆఫీసు కబుర్లలో మన్‌స్టర్ పేరు తగులుతూనే ఉంటుంది. ఐర్లండ్‌లోని నాలుగు ప్రావిన్సుల్లో దక్షిణాన ఉన్నది ఇది. దాని రగ్బీ జట్టుకు లిమెరిక్‌లో థామండ్ పార్క్, కార్క్‌లో మస్‌గ్రేవ్ పార్క్ సొంత మైదానాలు. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది ఏడుగురి ఆట. మన్‌స్టర్ ఆడేది పదిహేను మంది ఆట, 80 నిమిషాలు సాగుతుంది.

ఈ జట్టు ఫలితాలు నెట్‌లో ఏళ్ల తరబడి వెనక్కి దొరుకుతాయి. కానీ గెలుపులూ ఓటములూ లెక్కపెట్టి ఏ సీజన్ గొప్పదో చెప్పేద్దామంటే బోల్తా పడతాం. 2022-23లో మన్‌స్టర్ లీగ్ పట్టికలో 5వ స్థానంలో నిలిచి కప్పు కొట్టింది. మరుసటి ఏడాది పట్టికలో మొదటి స్థానం, అయినా సెమీఫైనల్లో సొంతగడ్డ మీదే స్కాట్లండ్ జట్టు గ్లాస్గో చేతిలో 10-17తో ఓడింది. ఇలాంటివి అర్థం కావాలంటే పట్టిక మనమే వేసుకోవాలి.

1. ముందు టోర్నీలను విడదీయండి

లీగ్ ఒక షీటు, యూరప్ కప్పు ఇంకో షీటు. లీగ్ 2001లో సెల్టిక్ లీగ్‌గా మొదలైంది. తర్వాత మాగ్నర్స్ లీగ్, ప్రో12, ప్రో14 అయి, 2021 నుంచి యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్ అయింది. పేరు మారినా ఒకే వరసగా చూడాలి. యూరప్‌లో మొదట హైనెకెన్ కప్, ఇప్పుడు ఛాంపియన్స్ కప్. మన్‌స్టర్ అది గెలిచింది 2006లో, 2008లో.

విదేశీ జట్లతో ఆడిన ప్రత్యేక మ్యాచ్‌లను వీటిలో కలపొద్దు. 1978 అక్టోబర్ 31న న్యూజిలాండ్‌ను 12-0తో ఓడించిన మ్యాచ్ గురించి లిమెరిక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు, కానీ దానికి లీగ్ పాయింట్లు లేవు.

2. నిలువు వరసలు

తేదీ, ప్రత్యర్థి, ఎక్కడ ఆడారు, మన్‌స్టర్ స్కోరు, ఎదుటివాళ్ల స్కోరు, తేడా, ట్రైలు (బంతిని ఎదుటివాళ్ల గీత అవతల నేలకు ఆనిస్తే ఒక ట్రై), లీగ్ పాయింట్లు, చివర్న ఒక వ్యాఖ్య. స్కోరును రెండు గడుల్లో విడివిడిగా రాయండి. ఒకే గడిలో 10-7 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేసి కూర్చుంటుంది. ఫలితాల పేజీల్లో సాధారణంగా సొంత మైదానం జట్టు పేరే ముందుంటుంది, కాబట్టి బయట ఆడిన మ్యాచ్‌ల దగ్గర అంకెలు తారుమారు కాకుండా చూసుకోవాలి.

3. స్కోరును విడగొట్టండి

ట్రైకి 5 పాయింట్లు, దాని తర్వాత గోల్ స్తంభాల మధ్యకు కొట్టే కన్వర్షన్ కిక్‌కు 2, ఎదుటివాళ్ల తప్పుకు దక్కే పెనాల్టీ కిక్‌కు 3, ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి కొట్టే డ్రాప్ గోల్‌కు 3. ఇది తెలిస్తే ఉత్త అంకెల్లోంచి కూడా ఆట కనబడుతుంది. 2000 హైనెకెన్ కప్ ఫైనల్లో ఇంగ్లండ్ క్లబ్ నార్తాంప్టన్ 9, మన్‌స్టర్ 8. మన్‌స్టర్‌కు ఒక ట్రై, ఒక డ్రాప్ గోల్. నార్తాంప్టన్‌కు మూడు పెనాల్టీలు, అంతే. ట్రై కొట్టినవాళ్లు ఓడారు, ఒక్క ట్రై కూడా కొట్టనివాళ్లు కప్పు పట్టుకుపోయారు.

పాత మ్యాచ్‌ల దగ్గర ఒక జాగ్రత్త. 1992 వరకు ట్రైకి 4 పాయింట్లే. న్యూజిలాండ్ మీద వచ్చిన ఆ 12 అంటే ఒక ట్రై, దాని కన్వర్షన్, రెండు డ్రాప్ గోల్స్. ఇప్పటి లెక్కలో అది 13.

4. లీగ్ పాయింట్లు వేయండి

గెలిస్తే 4, డ్రా అయితే 2. నాలుగు ట్రైలు, అంతకన్నా ఎక్కువ కొడితే గెలిచినా ఓడినా ఒక బోనస్. 7 లేదా అంతకన్నా తక్కువ తేడాతో ఓడితే ఇంకో బోనస్. అంటే ఓడి కూడా 2 పాయింట్లు తెచ్చుకోవచ్చు, డ్రాతో సమానం. 80వ నిమిషంలో ఓటమి ఖాయమైపోయాక కూడా జట్టు ప్రాణం పెట్టి ఆడుతోందంటే ఈ లెక్క కోసమే కావచ్చు.

5. తేడా గడిని తేలిగ్గా తీసుకోకండి

2003 జనవరి 18, థామండ్ పార్క్, ప్రత్యర్థి ఇంగ్లండ్ క్లబ్ గ్లోస్టర్. అప్పటికి హైనెకెన్ కప్‌లో బోనస్ పాయింట్లు లేవు. క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లాలంటే మన్‌స్టర్ ఊరికే గెలిస్తే చాలదు, నాలుగు ట్రైలు కొట్టి 27 పాయింట్ల తేడాతో గెలవాలి. ఐపీఎల్ చివర్లో నెట్ రన్‌రేట్ కోసం లెక్కలు వేసుకుంటూ కూర్చునే టెన్షన్ తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. ఆట ముగింపులో జాన్ కెల్లీ నాలుగో ట్రై కొట్టాడు. స్కోరు 31-6, తేడా 25. ఇంకా రెండు తక్కువ. రోనన్ ఓగారా కన్వర్షన్ కిక్ కొట్టాడు: 33-6. సరిగ్గా 27. మామూలు జాబితాలో ఇది ఏకపక్షంగా సాగిన మ్యాచ్‌లా కనిపిస్తుంది. వ్యాఖ్య గడి పెట్టుకోమన్నది ఇలాంటివాటి కోసమే.

6. ఎప్పుడు, ఎక్కడ

నవంబర్‌లోనూ, ఫిబ్రవరి-మార్చిలో సిక్స్ నేషన్స్ (యూరప్‌లోని ఆరు దేశాల టోర్నీ) జరిగేటప్పుడూ పేరున్న ఆటగాళ్లు ఐర్లండ్ జట్టుతో ఉంటారు. ఆ రోజుల్లో లీగ్ మ్యాచ్ ఉంటే కుర్రాళ్లతో నెట్టుకురావాలి. అందుకే ఆ నెలల వరసలకు వేరే రంగు వేసుకోండి.

ఎక్కడ ఆడారన్నది ఇంకా ముఖ్యం, 2021లో దక్షిణాఫ్రికా జట్లు నాలుగు చేరాక మరీను. 2022-23నే చూడండి. వేల్స్‌లో కార్డిఫ్, డ్రాగన్స్ చేతిలో వరసగా ఓడి సీజన్ మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో కేప్‌టౌన్‌లో స్టార్మర్స్ మీద 26-24తో గెలుపు, డర్బన్‌లో షార్క్స్‌తో 22-22 డ్రా. నాకౌట్‌లో గ్లాస్గోలో 14-5, డబ్లిన్‌లో ఐర్లండ్‌దే ఇంకో ప్రావిన్సు జట్టు లెన్‌స్టర్ మీద 16-15, ఫైనల్ మళ్లీ కేప్‌టౌన్‌లో, 19-14. ఏప్రిల్ నుంచి చెప్పిన ఈ ఐదు మ్యాచ్‌లూ పరాయి ఊళ్లలోనే ఆడారు, ఒక్కటీ ఓడలేదు. నా మట్టుకు 5వ స్థానం అన్న అంకె కన్నా ఈ వరసే ఆ జట్టు గురించి ఎక్కువ చెబుతుంది. మరుసటి ఏడాది మొదటి స్థానం వల్ల నాకౌట్ సొంత మైదానంలో దక్కింది. అయినా ఒకటే మ్యాచ్ కదా, గ్లాస్గో ఆరోజు బాగా ఆడింది, అంతే.

7. నాకౌట్‌లో డ్రా అయితే

నాకౌట్‌లో ఎవరో ఒకరు ముందుకు వెళ్లాల్సిందే. అదనపు సమయంలోనూ తేలకపోతే చివరికి గోల్ కిక్కులు కొట్టిస్తారు. మన్‌స్టర్‌కు ఇది కలిసిరాలేదు. 2022 మేలో ఛాంపియన్స్ కప్ క్వార్టర్ ఫైనల్, డబ్లిన్‌లో ఫ్రాన్స్ క్లబ్ తులూజ్‌తో 24-24, కిక్కుల్లో 2-4తో ఓటమి. 2025 మేలో లీగ్ క్వార్టర్ ఫైనల్, డర్బన్‌లో షార్క్స్‌తో మళ్లీ 24-24, కిక్కుల్లో 4-6. వీటికి స్కోరు గడిలో 24, 24 రాసి, తేడా సున్నా వేసి, కిక్కుల ఫలితం వ్యాఖ్యలో రాయండి. ఓటమి కింద లెక్కేస్తే జట్టు ఆటకు అన్యాయం, డ్రా కింద లెక్కేస్తే ఇంటికి వెళ్లిపోయిన సంగతి దాగిపోతుంది.

8. సీజన్లను పోల్చేటప్పుడు

మొత్తం గెలుపులను నేరుగా పోల్చొద్దు. ప్రో12 కాలంలో ఒక్కో జట్టు లీగ్ దశలో 22 మ్యాచ్‌లు ఆడేది, ప్రో14 వచ్చాక 21, ఇప్పుడు 18. కరోనా వల్ల 2019-20, 2020-21 సీజన్లు కుదించుకుపోయాయి. కాబట్టి గెలుపులను ఆడిన మ్యాచ్‌లతో భాగించి శాతం తీయండి, సొంత మైదానానికి ఒకటి, బయటకు ఒకటి. మొదటిసారికి మూడు సీజన్లు చాలు. 2022-23 నుంచి 2024-25 వరకు తీసుకుంటే కప్పు కొట్టిన ఏడాది, పట్టికలో మొదట నిలిచిన ఏడాది, అక్టోబర్‌లోనే హెడ్ కోచ్ గ్రాహమ్ రౌన్‌ట్రీ వెళ్లిపోయిన ఏడాది మూడూ వచ్చేస్తాయి.