బోరు నీళ్ల తెల్ల పొర వదలాలంటే

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయి మూతికి, గిన్నెల అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. అది సున్నం. సబ్బుకు లొంగదు, పులుపుకే కరుగుతుంది. స్టీలు పీచుతో గీకారంటే గీతలు పడతాయి, వాటిలోనే మళ్లీ పట్టేస్తుంది.

నీళ్లు కాచే స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు, 2 చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, మరగగానే దించి అరగంట వదిలేయండి. సన్నటి బుడగలు లేస్తూ పొర పెచ్చులుగా ఊడుతుంది. కుళాయి జాలీ విప్పి అదే నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ధార మళ్లీ నిండుగా వస్తుంది. చారుకు పిండిన చింతపండు పిప్పి పారేయకండి, సింకుకు అది చాలు.

మార్బుల్ గట్టు మీద ఈ పులుపు చుక్క పడినా మెరుపు పోతుంది. దీన్ని బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం అస్సలు కలపొద్దు, విషవాయువు వస్తుంది.