పొగ రాని కుంపటిని నమ్మొద్దు

చలి ముదిరే డిసెంబరు, జనవరి నెలల్లో పేపర్లో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవలేదని, గ్యాస్ గీజరున్న బాత్‌రూమ్‌లోకి స్నానానికి వెళ్లిన మనిషి బయటికి రాలేదని. కారణం దగ్గర ‘పొగకు ఊపిరాడక’ అని రాస్తారు. ఆ మాటే జనాన్ని పక్కదారి పట్టిస్తోంది. పొగ వల్లే ముప్పు అనుకున్నవాళ్లు పొగ లేని కుంపటికి భయపడరు. అక్కడ ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండవు, దగ్గు రాదు.

కుంపటి ఎలా వెలిగిస్తారో గుర్తు చేసుకోండి. వాకిట్లో బొగ్గులు పేర్చి, కొబ్బరిపీచుతో అంటించి, విసనకర్రతో విసురుతారు. పొగంతా పోయి నిప్పులు కణకణలాడాక, ఇక ఫర్వాలేదని లోపలికి తెస్తారు. అప్పటికి పోయింది కంటికి కనిపించే పొగ మాత్రమే. తలుపులు మూశాక గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ బొగ్గు సగం సగం కాలుతూ మోనాక్సైడ్‌ను మరింతగా వదులుతుంది. పైన బూడిద కప్పుకుని ఆరిపోయినట్టు కనిపించే నిప్పూ అంతే. ఈ వాయువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లకు తల బరువెక్కి మత్తుగా ఉంటుంది, నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు.

అందుకే ఒక్క నియమం తప్పకుండా పాటించాలి. నిప్పు ఇంట్లో ఉండగా ఎవరూ పడుకోకూడదు. కుంపటి కావాలనుకుంటే ఎదురెదురుగా తలుపు, కిటికీ తీసిపెట్టి, మెలకువగా ఉన్నంతసేపే వాడండి. పడుకోవడానికి అరగంట ముందే బయటికి తీసుకెళ్లి నీళ్లు పోసి ఆర్పండి. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచామన్న ధీమా వద్దు. పక్కన చెంబెడు నీళ్లు పెడితే గాలి శుభ్రపడుతుందనేదీ నిజం కాదు, మోనాక్సైడ్ నీళ్లలో దాదాపు కరగదు. లంబసింగి, అరకు వెళ్లి టెంట్లలో పడుకునేవాళ్లు కూడా బొగ్గుల పొయ్యిని లోపలికి తీసుకుపోకూడదు. టెంటు గది కన్నా చిన్నది.

బాలింత గది విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గాలి తగలకూడదని కిటికీలు బిగించి, మంచం పక్కనే నిప్పులు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సాంబ్రాణి వేయాలంటే వసారాలోనో వాకిట్లోనో వేయండి, ఆ కాసేపు బిడ్డను వేరే గదిలో ఉంచండి. పసిబిడ్డకు నిప్పు సెగ కన్నా తల్లి ఒంటి వెచ్చదనం మేలు. బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా గుండెలకు హత్తుకుని, తలకు టోపీ, కాళ్లకు సాక్సులు వేసి, పైన దుప్పటి కప్పితే చాలు. పెద్దవాళ్లకు కింద బొంత, మీద రెండు దుప్పట్లు, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సంచి.

గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ బయట ఉండాలి. వేడినీళ్లు మాత్రం గొట్టంలో లోపలికి రావాలి. ఇప్పటికే లోపల బిగించి ఉంటే, మార్పించేదాకా తలుపు తీసి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, గాలి ఆడనిచ్చి తర్వాత స్నానం చేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు. తలుపు బిగుతుగా మూసేస్తే ఫ్యాన్ లాగడానికి బయటి గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులోకి తిరిగిందంటే గ్యాస్ సరిగా కాలడం లేదు, వాడకం ఆపి బర్నర్ శుభ్రం చేయించాలి. గ్యాస్ వాసన రావడం లేదని ధైర్యపడొద్దు. ఆ వాసన సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియడానికి కలిపింది, మోనాక్సైడ్‌కు ఉండదు.

వాటర్ హీటర్ రాడ్‌తో ఈ వాయువు భయం లేదు, షాక్ భయం ఉంది. 1500 వాట్ల రాడ్ సుమారు 6.5 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి పెద్ద సాకెట్‌కే పెట్టండి. 20 లీటర్ల బకెట్ స్నానానికి తగినంత కాగడానికి పాతిక నిమిషాలు చాలు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం మొదలై, బయటికి రాగానే తగ్గుతుంటే దాన్ని పైత్యమని వదిలేయొద్దు. పడిపోయిన మనిషి కనిపిస్తే తలుపులు బార్లా తీసి, ఆరుబయటికి లాగి, 108కి ఫోన్ చేయండి. గదిలో కుంపటి ఉందనో గ్యాస్ గీజర్ వాడారనో డాక్టరుకు ముందే చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఇలాంటప్పుడు 98 చూపించినా నమ్మలేం, అది మోనాక్సైడ్ అంటుకున్న రక్తాన్నీ ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. దీనికి రక్తపరీక్ష వేరే ఉంది. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అందుకే లేచి కూర్చుని మంచినీళ్లు తాగినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మతిమరుపు, తడబాటు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడొచ్చు.