ఒక వీధి చరిత్రను వెలికితీయడం: సుల్తాన్‌బజార్ ఉదాహరణగా

బస్తీ చరిత్ర రాయబూనేవారిలో చాలామంది నగరం పుట్టుకతో మొదలుపెడతారు. కుతుబ్‌షాహీల దగ్గరే ఓపిక అయిపోయి, తమ వీధి దాకా రానేరారు. అందుచేత రెండు కూడళ్ల మధ్యనున్న ఒక్క వీధితో సరిపెట్టుకోవడం మేలు. హైదరాబాదులోని సుల్తాన్‌బజార్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా పేరు సంగతి తేల్చుకోవాలి. నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీని ఆనుకుని పెరిగిన ఈ ప్రాంతాన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజారు అనేవారు. 1933లో అది తిరిగి నిజాం పాలన కిందికి వచ్చాక సుల్తాన్‌బజార్ అయింది. కాబట్టి అంతకు ముందటి కాగితాల్లో పాత పేరుతోనే వెతకాలి. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఈ ప్రాంతంలోనే ఉంది. పాత పత్రికలు చూడదలచినవారు తొలి మెట్టుగా అక్కడికే వెళ్లవచ్చు.

తరువాత గోడలు చదవాలి. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఒక ఇంటి గుమ్మం పైన 1326 అని చెక్కి ఉందనుకోండి. అది హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన) సంవత్సరమైతే 1908, అంటే సెప్టెంబరు 28న మూసీ వరద ముంచెత్తిన ఏడాదే; ఫసలీ (నిజాం ప్రభుత్వం రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం) అయితే దానికి 590 కలుపుకోవాలి కనుక 1916-17 అవుతుంది. ఆ ఇంటివారు మాత్రం 'మా ఇల్లు వరదకు తట్టుకుని నిలిచింది' అని తరతరాలుగా చెప్పుకుంటూ ఉండవచ్చు. వరద తరువాత, 1912-15 మధ్య లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో తయారైన పురపాలక పటాలలో ఆ స్థలం ఖాళీగా కనిపిస్తే ఫసలీ లెక్కే సరైనదని దాదాపు తేలినట్టే. కట్టడం కనిపిస్తే మాత్రం తొందరపడకూడదు, ఎందుకంటే పాత ఇంటిని కూల్చి అదే స్థలంలో మరొకటి కట్టి ఉండవచ్చు.

పెద్దవారి దగ్గరికి వెళ్లి 'ఈ వీధి చరిత్ర చెప్పండి' అంటే వారు మొహమాటపడి, తాము ఎక్కడో చదివిన సంగతులే అప్పజెబుతారు. దానికి బదులు 'ఈ మందుల దుకాణం స్థానంలో ముందు ఏముండేది బాబాయ్? మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి పట్టుకునేవారు?' అని అడిగితే మాట దానంతటదే సాగుతుంది. పాత ఫొటోల వెనుక వైపు కూడా చూపించమని అడగాలి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన తేదీ తరచుగా బొమ్మకంటే ఎక్కువ చెబుతాయి. రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోవాలి. ఆస్తి దస్తావేజుల ఫొటోలను వాట్సాప్ గ్రూపులో ఎంతమాత్రం పెట్టకూడదు, వాటి చుట్టూ అన్నదమ్ముల వ్యాజ్యాలు నడుస్తుంటాయి.

సేకరించినదాన్ని పంచుకోవడానికి పుస్తకం దాకా ఆగనక్కరలేదు. ఆదివారం పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందు, పదిహేను మందికి మించకుండా వీధి నడక ఏర్పాటు చేస్తే చాలు. షట్టర్లు లేచాక ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. ప్రతి మజిలీలోనూ పత్రంలో దొరికినది ఏదో, ఎవరో చెప్పగా విన్నది ఏదో విడదీసి చెప్పాలి. నడకలో ఎవరో ఒకరు 'అది కాదండీ, మా తాతగారి కొట్టు అటు పక్కన ఉండేది' అని తప్పక అడ్డుపడతారు. వారి మాటను తేదీతో సహా రాసుకుని, వారి ఇంటికే తరువాతి ప్రయాణం కట్టాలి.