ఏడో నాడి ఎలా వంటబట్టిందంటే

తిరుపతిలో ఎంబీబీఎస్ మొదటి ఏడాది. మెదడు నుంచి నేరుగా వచ్చే 12 జతల కపాల నాడుల్లో ఏడోదైన ఫేషియల్ నర్వ్ ఎన్నిసార్లు చదివినా వైవాలో (మౌఖిక పరీక్షలో) నోరు పెగిలేది కాదు. ఓ రాత్రి హాస్టల్లో పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, మధ్యలో 7 వేసి చుట్టూ కొమ్మలు గీశాను. ముఖ కండరాలకు వెళ్లే 5 కొమ్మలు ఎరుపు. నాలుక ముందు భాగం రుచి తెచ్చే కార్డా టింపనై అనే కొమ్మ ఆకుపచ్చ.

పుస్తకం మూసి గీయడమే అసలు కిటుకు. చూసి గీస్తే అది ఉత్త బొమ్మే. మరిచిపోయిన కొమ్మ దగ్గర ఖాళీ కనిపిస్తుంది, అక్కడే మళ్లీ చదివాను. ఒక్కో కొమ్మ చివర 'ఇది దెబ్బతింటే?' అని రాసుకున్నాక టెన్షన్ సగం తగ్గింది. ఈ నాడి దెబ్బతిని ముఖం ఒక వైపు చచ్చుబడే బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదురు ముడత పడదు. మెదడులో స్ట్రోక్ వస్తే మాత్రం సాధారణంగా పడుతుంది, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. ఆ కాగితం ఇప్పటికీ నా మంచం పక్క గోడ మీదే ఉంది.