మల్టీబూట్ పెన్‌డ్రైవ్ – రెండో పాఠం: వెంటాయ్ ఎక్కించడం, నీలం తెర దాటడం

పెన్‌డ్రైవ్ అసలుదో నకిలీదో కిందటి పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు దాన్ని మల్టీబూట్‌గా, అంటే ఒకే డ్రైవ్‌తో పలు సిస్టమ్‌లను మొదలుపెట్టేలా సిద్ధం చేద్దాం. 64 జీబీది, యూఎస్‌బీ 3 రకం అయితే హాయి.

ఆ పని చేసే ప్రోగ్రాం వెంటాయ్. దాని విండోస్ జిప్‌ను దాని సొంత సైటు నుంచే దించుకుని విప్పండి. ప్రోగ్రాం తెరిచాక డివైస్ వరుసలో కనిపించే పరిమాణాన్ని మీ పెన్‌డ్రైవ్‌తో సరిచూసుకోండి. పక్కనే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంటే ముందు పీకేయండి, ఇన్‌స్టాల్ నొక్కితే ఎంచుకున్న డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఆప్షన్ మెనూలో సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న ప్రోగ్రాంనే కంప్యూటర్ మొదలుపెట్టనిచ్చే కాపలా) సపోర్ట్‌కి టిక్ ఉండేలా చూడండి. పార్టిషన్ స్టైల్ (డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతి) ఎంబీఆర్‌గానే ఉంచితే పాత బయోస్ మెషిన్లూ కొత్త యూఈఎఫ్ఐ మెషిన్లూ (రెండూ కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాంలే) రెండూ బూట్ అవుతాయి.

పని అయ్యాక డ్రైవ్‌లో రెండు భాగాలు ఏర్పడతాయి. పెద్దది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటుంది, ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) దాంట్లో వేస్తాం. 32 ఎంబీల చిన్నదాని పేరు వీటాయ్ఈఎఫ్ఐ, దాని జోలికి పోవద్దు. పెద్దదాన్ని ఫ్యాట్32గా మార్చారంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్ 11 ఐఎస్ఓ అక్కడే ఆగిపోతుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అప్‌డేట్ నొక్కండి, ఫైళ్లు అలాగే ఉంటాయి. ఇన్‌స్టాల్ నొక్కితే అన్నీ పోతాయి.

మొదట విండోస్ 11, లినక్స్ మింట్, క్లోన్‌జిల్లా (డిస్క్ నకలు తీసేది), మెమ్‌టెస్ట్86+ (ర్యామ్ పరీక్షించేది) ఐఎస్ఓలు చాలు. కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు మీదే 7-జిప్‌తో షా-256 (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్) తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చండి. ఇన్‌స్టాలేషన్ సగంలో "ఫైలు పాడైంది" అని ఆగిపోతే చాలామంది ర్యామ్‌ను అనుమానిస్తారు, తప్పు ఈ కాపీదే కావచ్చు. లినక్స్‌లో కాపీ చేస్తే పట్టీ వంద శాతం చూపినా డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. ఇజెక్ట్ చేసి, పూర్తయిందని చెప్పాకే పీకండి.

ఇక అసలు చిక్కు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్లో మొదటిసారి పెడితే నీలం తెర మీద "వెరిఫికేషన్ ఫెయిల్డ్, సెక్యూరిటీ వయొలేషన్" అని వస్తుంది. డ్రైవ్ చెడిపోలేదు, కంగారు పడకండి. ఎంటర్ కొట్టండి. తర్వాతి తెరలో పది సెకన్లు లెక్క తగ్గుతూ వస్తుంది, ఆలోపు ఏదో ఒక మీట నొక్కాలి. జాగైతే మళ్లీ మొదటికే. వచ్చిన మెనూలో "ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్" ఎంచుకోండి, దాని పైనో కిందో ఉండే "హ్యాష్" వరస కాదు. వీటాయ్ఈఎఫ్ఐలోకి వెళ్లి, "ఎన్‌రోల్ దిస్ కీ" అని మొదలయ్యే ఫైలు తీసుకుని, కంటిన్యూ, యెస్, రీబూట్. ఆ కీ నిలిచేది పెన్‌డ్రైవ్‌లో కాదు, ఆ కంప్యూటర్‌లో. అందుకే ప్రతి కొత్త మెషిన్‌కీ ఒకసారి చేయాలి. ఆ కీతో సంతకమైన బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాంను) ఇకపై ఆ మెషిన్ నమ్ముతుంది కాబట్టి, వేరేవాళ్ల కంప్యూటర్ అయితే యజమానికి చెప్పి చేయండి.

ఇంత శ్రమ ఎందుకని బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేస్తుంటారు. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్న ల్యాప్‌టాప్‌లో అది ప్రమాదం: తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో లేకుండా సెక్యూర్ బూట్ సెట్టింగ్ ముట్టుకోవద్దు.

వచ్చే పాఠం: విండోస్ సెటప్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) కనబడకపోతే ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ అందించడం. అప్పటికల్లా పెన్‌డ్రైవ్‌లో "డ్రైవర్లు" అని ఒక ఫోల్డర్ చేసి ఉంచండి.